అరచేతిలో గుండీ

మా కొట్లో ఎప్పుడూ రెండు చప్పుళ్లు. ఒకటి నా కుట్టుమిషనుది, రెండోది మా తోడికోడలి కత్తెరది. నా మిషను నాలాగే వాగుడుకాయ, ఆగితే దానికి తోచదు. కత్తెర అలా కాదు. కర్ర్... కర్ర్... అంటూ ఒకటే నడక. ఇప్పుడు పొడుగు గీత మీద ఉంది, ఇదిగో చంక మలుపు తిరుగుతోంది, అదిగో అంచుకు చేరింది అని నేను తల తిప్పకుండానే చెప్పేదాన్ని.

మేం కుట్టేవి షోకు బట్టలు కావు. కార్ఖానాల్లో పనివాళ్లు వేసుకునే ముతక కోట్లు, పెద్ద పెద్ద జేబుల ఏప్రన్లు. గుడ్డను పొరలు పొరలుగా బల్ల మీద పరిచి, చివర్లకు ఇనుప దిమ్మలు పెట్టి, సుద్దతో గీసి, పొరలన్నిటినీ ఒక్క కోతలో కోయాలి. ఆ కత్తెర బరువు అంతా ఇంతా కాదు, కొత్తవాళ్ల మణికట్టు దానికి వంగిపోతుంది. దాన్ని మా మామగారు మా చిన్నదాని చేతిలో పెట్టారు. తోడికోడలిని నేను చిన్నదనే పిలుస్తాను, తను నన్ను అక్కా అంటుంది. పెద్దకోడలిని నేనుండగా చిన్నదానికెందుకు ఇచ్చారని అప్పట్లో మూతి ముడుచుకున్నాను గాని, నాకు తిన్నగా ఒక గీత గీయడం కూడా రాదు. ఆయన ఎరిగే ఇచ్చారు.

ఇస్తూ ఒక మాట చెప్పారు. గీత మొదలుపెట్టాక చివరిదాకా కత్తెర ఆగకూడదు, ఆగిన చోట అంచుకు మెట్టు పడుతుంది అని. ఆయన పోయినా ఆ మాట మాత్రం కొట్లోంచి పోలేదు. గీత మీద ఉండగా తుమ్ము వస్తే మా చిన్నది బిగబట్టేది. మొగుడు పిలిచినా అంచుకు చేరాకే పలికేది. అందుకే మా మరిది కేకలేయడం నేర్చుకున్నాడేమో, మామూలుగా పిలిస్తే పలికే పెళ్లాం కాదు కదా.

అలాంటిది ఒకరోజు కత్తెర చప్పుడు గీత మధ్యలో ఆగింది. వెనకాలే దభీమని శబ్దం. తిరిగి చూస్తే కత్తెర నేల మీద ఉంది. మా చిన్నది తన చేతి వంక అదేదో పరాయి వస్తువైనట్టు చూసుకుంటోంది.

"ఏమైందే?"

"ఏమీ లేదక్కా. చెమట పట్టి జారింది."

"చలికి నేను శాలువా కప్పుకుని కూర్చుంటే నీకు చెమటేమిటే?"

ఇస్త్రీ బల్ల దగ్గర్నించి మా మరిది అరిచాడు. "నా మీద కోపం ఆ కత్తెర మీద చూపించకే! పాపం దానికి నోరు లేదు!"

అందరం నవ్వేశాం. తనూ నవ్వింది. కాని ఆ రోజు నుంచి నా చెవి ఊరుకోలేదు. పొద్దున కత్తెర బాగానే నడిచేది. మధ్యాహ్నమయ్యేసరికి ఈడ్చేది. సాయంత్రం కర్రుమనే చప్పుడులో వణుకు వినిపించేది. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం చూశాను. తన కొడుకూ చూసినట్టున్నాడు. కరెంటుతో కోసే మిషను ఒకటి తెస్తానన్నాడు.

"నువ్విక కౌంటరు దగ్గర కూర్చోమ్మా. వచ్చేవాళ్లతో మాట్లాడుతుండు."

"మాట్లాడ్డానికి మీ పెద్దమ్మ ఉంది కదరా, ఆవిడ ముందు ఎవరికి సందు దొరుకుతుంది?" అంది నవ్వుతూ. నవ్వింది గాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రం పెరట్లో కుళాయి దగ్గర సుద్ద చేతులు కడుక్కుంటుంటే తన కుడిచెయ్యి నా ముందు చాపింది.

"అక్కా, ఇక్కడ చూడు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్యన పల్లంగా లేదూ?"

"ఏమోనే, నాకు అద్దాలు లేవు."

"మా అమ్మకు ఇక్కడే మొదలైంది."

వాళ్ల అమ్మ సంగతి నాకు తెలుసు. ముందు గుండీలు పెట్టుకోలేకపోయింది. తర్వాత చెంచా పట్టుకోలేకపోయింది. తర్వాత మెల్లమెల్లగా ఒళ్లంతా అదే వరస. కండలు కరిగిపోయే జబ్బట, మందు లేదన్నారు. అన్నం పెట్టింది, లేపింది, తిప్పి పడుకోబెట్టింది అంతా ఈ చేతులే. ఇప్పుడు ఆ చేతినే చూపిస్తోంది.

"ఆయనకు చెప్పకక్కా. అబ్బాయికి అసలే చెప్పకు. కత్తెర మీద పట్టు తప్పిందనే అనుకోనీ, అంతవరకే అనుకోనీ."

సరే అన్నాను. నా నోట్లో ఏ మాటా నిలవదని లోకానికంతటికీ తెలుసు. అయినా ఆ మాట నిలిచింది.

దారం కొనే వంక పెట్టి ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు, వేళ్లు లాగాడు, కళ్లు మూయించి నడిపించాడు. మరోరోజు కండలో సన్నటి సూది గుచ్చి చూశారు. "ఇదొక్కటీ చాలదు. చెయ్యి ఎలా అలుస్తోందో, అలిశాక ఎలా తేరుకుంటోందో కూడా చూడాలి. రెండూ చేతికొచ్చాకే మాట్లాడతాను" అని పక్క గదికి పంపాడు. మా చిన్నదాని మొహం అప్పుడు చూడాలి. ఏదో ఒకటి చెప్పేస్తే బాగుండునన్నట్టు ఉంది.

పక్క గదిలో పరీక్ష చేసే అమ్మాయి ఉంది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, మనమరాలి వయసులో. మా చిన్నదాని ముంజేతికి చిన్న చిన్న బిళ్లలు అంటించి, వాటికి తీగలు తగిలించింది.

"కరెంటు పెడతారా అమ్మా?" అంది మా చిన్నది, గొంతు పీలగా.

"మేమేం పెట్టమమ్మా. మీ చేతిలో పుట్టేదాన్నే వింటాం. మీరు పిడికిలి బిగించినప్పుడల్లా కండలో బుల్లి బుల్లి కరెంటు పుడుతుంది. అది ఇదిగో, ఈ తెర మీద గీతగా కనిపిస్తుంది."

"అయితే కరెంటు పోయినప్పుడు ఇంట్లో దీపాలు దీనికే తగిలించుకుంటాం" అన్నాను నేను. ఆ అమ్మాయి నవ్వింది. మా చిన్నది నవ్వలేదు.

చేతికి ఒక ఇనుప పిడి ఇచ్చింది. ఎంత గట్టిగా నొక్కితే దాని మీది ముల్లు అంత పైకి పోతుంది. "మీ శక్తి కొద్దీ బిగించండి" అంటే తెర మీద సన్నటి గీత ఒక్కసారిగా గొంగళిపురుగులా బొచ్చు లేచింది. "వదలండి" అంటే అణిగింది. మళ్లీ బిగించు, మళ్లీ వదులు. బిగించిన ప్రతిసారీ ముల్లు ఇంకాస్త కిందనే ఆగిపోతోంది. మా చిన్నదాని దవడలు బిగిశాయి, మెడ నరాలు తేలాయి. ముల్లు మాత్రం ఎక్కనంటుంది.

తర్వాత ఇంకోటి పెట్టింది. "ఈసారి గట్టిగా వద్దు. సగం బలంతో పట్టుకుని అలాగే ఉంచండి."

తెర మీద గీత మొదట పలచగా ఉంది. కాసేపటికి చిక్కబడింది. చెయ్యి వణకడం మొదలయ్యేసరికి మరీ దట్టమైంది. చివరికి ముల్లు జారిపోతున్నా గీత మాత్రం తగ్గడం లేదు.

"ఇదేమిటమ్మా, బలం తగ్గుతుంటే గీత పెరుగుతోంది? మీ మిషను తిరగేసి పెట్టారేమో చూసుకో" అన్నాను.

"సరిగ్గానే ఉందమ్మమ్మా. పట్టుకున్న పోగులు అలిసిపోతున్నాయి. వాటికి సాయంగా మిగతావాటిని లేపాలి కదా, అందుకని మెదడు ఇంకా ఇంకా గట్టిగా పిలుస్తోంది. కనిపించేది ఆ పిలుపు."

"ఓహో. పని తక్కువ, కేక ఎక్కువ. అచ్చం మా మరిదిలాగా."

ఈసారి మా చిన్నది ఫక్కున నవ్వింది. పిడి కాస్తా జారి బల్ల మీద పడింది.

"పర్లేదు, అయిపోయింది. ఇప్పుడు విశ్రాంతి. చెయ్యి ఒళ్లో పెట్టుకుని వదిలేయండి. తర్వాత మళ్లీ బిగిద్దురుగాని. ఎంత తిరిగొచ్చిందో చూద్దాం, అసలు పరీక్ష అదే" అంది ఆ అమ్మాయి.

మా చిన్నది చెయ్యి ఒళ్లో పెట్టుకుని పైన శాలువా లాక్కుంది. ఆ అమ్మాయి తెర వంక చూసి కనుబొమలు ముడిచింది. గీత దారంలా సాఫీగా ఉండాలట. ఉండలేదు. నూగు నూగుగా లేస్తోంది, అణుగుతోంది, మళ్లీ లేస్తోంది. తీగలు కదిపి చూసింది. బిళ్లలు తీసి కొత్తవి అంటించింది. అయినా అంతే.

"చెప్పానా, మిషనుదే తప్పు" అన్నాను నేను, గెలిచినట్టు.

ఆ అమ్మాయి మా చిన్నదాని వైపు కుర్చీ జరుపుకుని మెల్లగా అడిగింది. "అమ్మా, మీ చెయ్యి ఇప్పుడు ఏం చేస్తోంది?"

"ఏమీ చెయ్యట్లేదు."

"ఈ గీత చేస్తోందంటోంది."

నేను శాలువా ఎత్తాను. పిడికిట్లో గుడ్డపీలికల ఉండ ఒకటి ఉంది. కోట్ల ముక్కలు గట్టిగా చుట్టి, దారంతో కుట్టి చేసుకున్న బంతి. నొక్కుతోంది, వదులుతోంది, నొక్కుతోంది. మేం చూస్తుండగా కూడా ఆపలేదు.

"ఎప్పట్నించే ఇది?"

"కత్తెర పడిన రోజు నుంచి."

"ఎప్పుడు నొక్కుతావు?"

"ఖాళీగా ఉన్నప్పుడల్లా."

"ఇందాక బయట కూర్చున్నప్పుడు కూడానా?"

"పరీక్షన్నారు కదక్కా. చెయ్యి సిద్ధంగా ఉండాలని." అంతలో ఆ పీల గొంతే పెద్దదైంది. "బలం పోతుంటే పెంచుకోవద్దా? మా అమ్మ ఊరికే కూర్చుంది. కూర్చో, కూర్చో అని అందరం కూర్చోబెట్టాం. కూర్చునే పోగొట్టుకుంది. నేను కూర్చోను."

ఆ అమ్మాయి మా చిన్నదాని వేళ్లు ఒక్కొక్కటే విప్పి బంతి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు నేను కొలిచానంటే జబ్బు ఉందో, ఒట్టి అలసటే ఉందో నాకు తెలీదమ్మా. ఇలాంటి చేతిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేతికి విశ్రాంతి ఇస్తేనే తేడా బయటపడేది. వారం రోజులు కత్తెర వద్దు, బట్టలు పిండడం వద్దు, ఇది అసలే వద్దు. అప్పుడు రండి."

ఇంటికి వచ్చేదారిలో మా చిన్నది ఒకటే అడిగింది. "వారం కూర్చుని వెళ్లాక కూడా తిరిగి రాకపోతే?"

"ముందు కొట్లో ఏం చెప్పాలో చూద్దాం పద" అన్నాను.

చెయ్యి బెణికిందని కొట్లో చెప్పాం. అబ్బాయి ఎక్కడో అద్దెకు ఆ కరెంటు మిషను తెచ్చాడు. పొడుగు కోతలు బాగానే కోశాడు, నిజం చెప్పాలి. ఆ మిషను చేసే రొదకు మా మరిది కేకలు కూడా వినపడలేదు. మా చిన్నది నా పక్కన పీట మీద కూర్చునేది. కూర్చోవడమంటే చూడాలి. ఆ చెయ్యి పీట అంచును పట్టుకునేది, లేకపోతే తన కొంగునే నలిపేది. పొద్దున్నే నిద్రలేపడానికి వెళితే పిడికిలి బిగించే పడుకుని ఉండేది. వద్దని వంద చెప్పాను. పట్టుకోవడం మానడానికి కూడా గట్టిగా ప్రయత్నం చేస్తుంటే నేనేం చేసేది!

చివరికి నా డబ్బాలోంచి కోటు గుండీ ఒకటి తీశాను. నల్లటిది, నాలుగు కన్నాలది. తన చెయ్యి వెల్లకిలా ఒళ్లో పెట్టి, అరచేతి మధ్యలో ఆ గుండీ ఉంచాను.

"ఇది నాకు ఎప్పుడూ కనిపిస్తుండాలి."

"పడిపోతే?"

"పడితే తీసుకో. దాచేస్తేనే తప్పు."

ఆ పూట కళ్లల్లో వత్తులేసుకుని చూశాను. గుండీ కాసేపు కనిపించేది, వేళ్లు వాటంతట అవే పువ్వు ముడుచుకున్నట్టు ముడుచుకుపోయేవి, నేను దగ్గేదాన్ని, మళ్లీ విచ్చుకునేవి. మర్నాడు కాస్త నయం. మూడోనాడు మాత్రం గుండీ విసిరికొట్టింది.

"నావల్ల కాదక్కా! ఇలా చేతులు వెల్లకిలా పెట్టుకుని కూర్చుంటే మా అమ్మలాగే ఉన్నాను. అద్దంలో చూసుకోనక్కర్లేదు."

నేను మిషను ఆపేశాను. లేచి గుండీ వెతికి తెచ్చి తన చేతిలో పెట్టాను. డబ్బాలోంచి ఇంకోటి తీసి నా అరచేతిలో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. ఒట్టినే కూర్చోవడంలో ఏముందిలే అనుకున్నాను. ఏముందంటే, నా వేళ్లు కూడా ఊరుకోలేదు. గుండీని తిప్పాలని, కన్నంలో గోరు పెట్టాలని ఒకటే ఆరాటం. నోరు కూడా మూసుకున్నాను, ఆ రెండూ ఒకేసారి నాకు ఎంత కష్టమో దేవుడికే తెలుసు.

అప్పుడే మా మరిది లోపలికొచ్చాడు. ఇద్దరం చేతులు చాపుకుని వరసగా కూర్చున్నాం. ఓ క్షణం నిలబడి చూశాడు.

"ఏమిటి వదినా, తోడికోడళ్లిద్దరూ అడుక్కోవడం మొదలెట్టారా? చెప్తే నేనే ఏదో ఒకటి వేసేవాణ్ని కదా!"

మాకు నవ్వాగలేదు. మా చిన్నది నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఏడుపులో పడింది. ఆ ఏడుపులోనే మొగుడికి అన్నీ చెప్పేసింది, బొటనవేలి పల్లం దగ్గర్నించి వాళ్లమ్మ చెంచా దాకా.

మా మరిది ఒక్క కేక కూడా వేయలేదు. అదే మొదటిసారి. ఇస్త్రీ బల్ల కింద నుంచి ముక్కాలిపీట లాక్కుని మా ఎదురుగా కూర్చున్నాడు. కాసేపయ్యాక నా వైపు చెయ్యి చాపాడు.

"నాకూ ఒకటి ఇయ్యి వదినా."

మిగతా రోజులు అలా గడిచాయి. మధ్యాహ్నం కోత మిషను ఆపినప్పుడు ముగ్గురం కూర్చునేవాళ్లం. అబ్బాయి ఒకసారి తొంగిచూసి, ఈ ఇంట్లో అందరికీ పిచ్చి పట్టిందని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. వాడికి మాత్రం పరీక్ష అయ్యేదాకా చెప్పవద్దని మా చిన్నది ఒట్టు వేయించుకుంది.

రెండోసారి వెళ్లినప్పుడు గదిలోకి మా మరిది కూడా వచ్చాడు. మళ్లీ బిళ్లలు, తీగలు, ఇనుప పిడి. బిగించు, వదులు. ముల్లు ఈసారి ఎత్తుగా లేచింది. లేచినా, మళ్లీ మళ్లీ బిగించేకొద్దీ మెట్టు మెట్టుగా దిగిపోయింది. దిగుతుంటే మా చిన్నదాని మొహంలో రంగు కూడా దిగిపోయింది.

"దిగాలమ్మా. అందరికీ దిగుతుంది. మీ ఆయనకు కడితే ఆయనకూ దిగుతుంది" అంది ఆ అమ్మాయి.

"నాకు వద్దులేమ్మా" అన్నాడు మా మరిది, చేతులు వెనక్కి పెట్టుకుంటూ.

"ఇప్పుడు విశ్రాంతి."

మా చిన్నది చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టింది. శాలువా కప్పలేదు. తెర మీద గీత అణిగింది, అణిగి సన్నబడింది, సన్నబడి దారమైంది. ఎక్కడా నూగు లేదు. నేను సూదిలోకి ఎక్కించే దారం కూడా అంత నున్నగా ఉండదు. ఊపిరి తీస్తే ఆ గీత ఎక్కడ చెదురుతుందోనని మా మరిది ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు.

"ఇక బిగించండి."

మా చిన్నది కళ్లు మూసుకుంది. బిగించింది. నేను ముల్లునే చూస్తున్నాను. ఎక్కింది. ఇందాక ఆగిపోయిన చోటు దాటి ఎక్కింది. మొదటి పిడికిలి అంత ఎత్తు కాదు, దానికి ఒక వేలెడు కింద.

"తిరిగొచ్చింది" అంది ఆ అమ్మాయి, తన సొంత చేతికి వచ్చినంత సంతోషంగా. "కాని నేను కాదు చెప్పాల్సింది. పదండి."

డాక్టరు ఆ గీతలూ, సూది పరీక్షవీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మా చిన్నదాన్ని రెండు చేతులూ బల్ల మీద పెట్టమన్నాడు. బొటనవేలి పక్కన పల్లం రెండు చేతులకూ ఒకేలా ఉంది. అది తన చేతుల తీరేనట. నరాలు బాగానే ఉన్నాయన్నాడు. చెయ్యి అలిసిపోయింది, అలిసిన చేతినే మళ్లీ మళ్లీ అలిసిపోయేలా చేశారు, అంతే అన్నాడు.

మా చిన్నది వెంటనే లేవలేదు. "మా అమ్మ ఎంత పడుకున్నా తిరిగి రాలేదండీ" అంది.

"ఆవిడది వేరు. మీది తిరిగొస్తోంది కదా" అన్నాడు డాక్టరు. "రావడానికి కాస్త వ్యవధి ఇవ్వండి మరి."

కొట్లో ఇప్పుడు పొడుగు కోతలన్నీ అబ్బాయి మిషనువే. అద్దెది వెనక్కి ఇచ్చి సొంతది తెచ్చుకున్నాడు. మలుపులు మాత్రం వాళ్లమ్మకు వదిలేశాడు. "నువ్వు తిప్పినట్టు అది తిరగదమ్మా, నేను తిప్పితే అసలే తిరగదు" అన్నాడు. ఆ మాటకే మా చిన్నది సగం కోలుకుంది.

కత్తెర మళ్లీ పట్టుకున్న మొదటి రోజు నేను మిషను తొక్కుతున్నాను గాని ధ్యాసంతా చెవుల్లోనే ఉంది. కర్ర్... కర్ర్... చంక మలుపు ఎక్కింది. సగానికి వచ్చింది. ఆగింది.

గీత మధ్యలో.

నా కాలు తొక్కుడుపలక మీద బిగుసుకుపోయింది. వెనక్కి తిరగబోయి ఆగాను. కత్తెర పడిన శబ్దమేమీ రాలేదు. బల్ల మీద టక్కుమని చిన్న చప్పుడు, తన పక్కనే పెట్టుకున్న చిన్న గిన్నెలోంచి ఆ గుండీని తీసుకున్నప్పటిలాంటిది. ఆ తర్వాత అదీ లేదు. అబ్బాయి మిషను కూడా అప్పుడు ఆగే ఉంది. కొట్లో ఇస్త్రీ ఆవిరి సుయ్యిమనడం ఒక్కటే.

చాలాసేపయ్యాక మళ్లీ కర్రుమంది. పొద్దున మొదలుపెట్టిన కోతలా, గట్టిగా.

అంచుకు చేరాక ఆగలేక లేచి వెళ్లి, పొరలు ఎత్తి మలుపంతా వేలితో తడిమాను. మెట్టు కోసం వెతికాను. దొరకలేదు.

"ఎక్కడ ఆగావే?"

"చెప్పుకో చూద్దాం."

రెండోసారి తడిమాను. తెలియలేదు.

"కత్తెర నోరు పూర్తిగా మూసి ఆపితేనే మెట్టు పడుతుందక్కా. సగం తెరిచి గుడ్డలోనే ఉంచి చెయ్యి తీసేశాను. ఎక్కడ ఆగానో గుడ్డకు తెలీనే లేదు." గుండీని గిన్నెలో వేసి, తర్వాతి గీత కోసం సుద్ద అందుకుంది. "మామయ్యగారు ఉంటే తిట్టేవారేమో."

"ముందు తిట్టేవారు, తర్వాత ఆయనా తడిమి చూసేవారు" అన్నాను.

ఇస్త్రీ బల్ల దగ్గర్నించి మా మరిది కేకేశాడు, టీ తాగుతారా అని. మా చిన్నది కత్తెరను గీత మీద పెట్టబోతున్నదల్లా ఆగి, చప్పున పలికింది.